తీర్పు కంటే ముందే పడే శిక్ష

మా కోర్టులో రోజూ నడిచే కేసుల్లో పేపర్లో వచ్చేవి చాలా తక్కువ. ఫంక్షన్ హాల్లో సెల్‌ఫోన్ కొట్టేసినవాడు, బోరు మోటారు వైరు కోసుకుపోయినవాడు, ఇంటి ముందు పెట్టిన గ్యాస్ సిలిండర్ ఎత్తుకెళ్లినవాడు, మామిడితోటలో పేకాడుతూ దొరికినవాళ్లు, బస్టాండులో తాగి గొడవ చేసినవాడు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న పట్టణం మాది. జూనియర్ సివిల్ జడ్జి గారే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున మండల న్యాయ సేవా కమిటీ ప్యానెల్ లాయరుగా నేను నిలబడుతుంటాను.

పెళ్లికో పేరంటానికో వెళ్తే చుట్టాలు అడిగే మాట ఒకటే. "దొంగలను విడిపించుడేంది బిడ్డా? నాలుగేండ్లు లోపలేస్తే మల్ల ఆ దిక్కు పోతరా?" ఇంకోపక్క నాతో లా చదివిన స్నేహితులు కొందరు, "ఫోన్ దొంగతనానికి జైలేంటి, వార్నింగ్ ఇచ్చి పంపేయాలి" అంటారు. గట్టిగా ఉండాలా, కనికరించాలా అనే ఈ వాదన విన్నప్పుడల్లా నాకు తోచేది ఒకటి. శిక్ష తీర్పు రోజున మొదలవుతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. మా దగ్గర చిన్న నేరస్థుడికి శిక్ష అంతకు చాలా ముందే పడిపోతుంది. అదీ ఏ జడ్జీ లెక్కగట్టి వేయకుండానే.

క్యాటరింగ్ పిల్లగాడి కేసు చెప్తాను. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. వయసు 19. తండ్రి లేడు, తల్లి బీడీలు చుడుతుంది. పెళ్లిళ్ల సీజన్లో వడ్డించే పనికి పోతాడు. ఒక పెళ్లిలో గోడకు చార్జింగ్ పెట్టి ఉన్న ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. మర్నాడు ఒక సెల్ షాపులో 1500 రూపాయలకు అమ్మాడు. ఆ షాపులో సీసీ కెమెరా ఉంది. ఇక దొరక్క ఎక్కడికి పోతాడు? ఫోన్ కూడా దొరికింది.

ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు చేసి తీరాలని లేదు. నోటీసు ఇచ్చి విచారణకు పిలవవచ్చు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది, ఇప్పుడు పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 35(3) కింద ఇచ్చే నోటీసు అదే. కానీ సొంత ఇల్లు, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆ నోటీసు అందినంత సులువుగా ఇలాంటి పిల్లలకు అందదు. కిరాయి ఇల్లు, పని కోసం ఊళ్లు తిరగడం, ఇవే రిమాండ్ రిపోర్టులో "పరారయ్యే అవకాశం ఉంది" అన్న వాక్యంగా మారిపోతాయి. పిల్లగాడిని జైలుకు పంపారు.

బెయిల్ వచ్చింది. బెయిల్ ఆర్డర్ రావడం వేరు, మనిషి బయటికి రావడం వేరు. పదివేల పూచీకత్తు మీద ఇద్దరు జామీనుదారులు కావాలి. వాళ్లకు ఇంటి పన్ను రశీదు ఉండాలి, పంచాయతీ సెక్రటరీ ఇచ్చే వాల్యుయేషన్ కాగితం ఉండాలి, ఆధార్ ఉండాలి, అన్నిటికీ మించి దొంగతనం కేసులో కోర్టు బోనెక్కి "ఈ పిల్లగానికి నేను పూచీ" అని చెప్పే ధైర్యం ఉండాలి. బీడీలు చుట్టే ఆవిడ కోసం అంత ధైర్యం చేసేదెవరు? 1978లో మోతీరాం కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది కూడా ఇదే బాధ. ఒక తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగారు, అతని అన్నదమ్ముడి పూచీని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. అది అన్యాయమని ఆనాడే తీర్పు వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ తల్లి ఆర్డర్ కాపీని కవర్లో పెట్టుకుని, ఇంటి పన్ను రశీదు ఉన్న మనిషి కోసం ఊరంతా తిరిగింది. చివరికి దూరపు మేనమామ ఒకాయన, బీడీ కంపెనీలో ఆవిడతో పనిచేసే ఒకామె భర్త వచ్చి సంతకం పెట్టేసరికి నెల దాటింది.

విచారణ ఖైదీల కోసం కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 479 ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల ఉంటే బాండ్ మీద విడుదల చేయాలి. మంచిదే. కానీ మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మూడోవంతు అంటే ఏడాది. ఏ మేజిస్ట్రేటు కూడా 1500కి అమ్ముకున్న ఫోన్‌కి, మొదటి తప్పుకి, ఏడాది జైలు వేయరు. అంటే ఆ వెసులుబాటు తలుపు తెరుచుకునే లోపే వీడికి పడాల్సిన శిక్ష కంటే ఎక్కువే అనుభవించేసి ఉంటాడు.

ఇలా లోపల ఉన్నవాళ్లకు ఎదురయ్యే ప్రలోభం "ఒప్పుకుంటే ఇయ్యాల్నే ఇంటికి పోతవు" అన్న మాట. జడ్జి గారు అడుగుతారు: "నేరం ఒప్పుకుంటున్నావా?" "ఒప్పుకుంటున్న సార్, తప్పైంది సార్, మల్ల చెయ్య." రిమాండ్‌లో ఉన్న కాలమే శిక్షగా లెక్కగట్టి వదిలేస్తారు. అందరికీ హాయి. కేసు ముగిసింది, ఫైలు మూసుకుంది, పిల్లగాడు ఇంటికి పోయాడు. బయట నుంచి చూసేవాళ్లకు ఇది మెత్తటి తీర్పు. లోపలి నుంచి చూస్తే, విచారణ జరగకుండానే జైలుశిక్ష అయిపోయింది, దాని మీద నేరస్థుడన్న ముద్ర కూడా పడింది.

ఆ ముద్ర ఇప్పుడు ఇంకా బరువెక్కింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 303(2)లో దొంగతనానికి రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గని, ఐదేళ్ల దాకా వేయగలిగే కఠిన కారాగారం రాసి పెట్టారు. పాత ఐపీసీ 379లో ఈ కనీస శిక్ష లేదు. ఈరోజు "ఒప్పుకో, ఇంటికి పో" అని తొందరపెడితే, ఆ ఒప్పుకోలు రేపు ఇంకో సిలిండర్ కేసులో కచ్చితంగా ఏడాది జైలుకు మొదటి మెట్టు అవుతుంది. ఒప్పుకునే ముందు ప్రతి ముద్దాయికీ ఈ సంగతి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలి. హడావుడిగా నడిచే ఉదయం పూట కోర్టు హాల్లో అంత తీరిక ఎవరికీ ఉండదు, అదే నా దిగులు.

జరిమానా కూడా అంతే. చిన్న జరిమానా వేసి పంపేస్తే దయ చూపినట్టు అనుకుంటాం. మా దగ్గర పల్లెకు పదిమంది దుబాయ్, మస్కట్, సౌదీ పోతారు. పండగకు ఇంటికొచ్చినవాడు తోటలో నలుగురితో పేకాటకు కూర్చుంటాడు, పోలీసులు పట్టుకుంటారు, కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టేస్తాడు. "పైసలతోని పోయింది" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కొత్త కంపెనీ వీసాకు పోలీస్ క్లియరెన్స్ అడిగినప్పుడు ఆ పాత కేసు పైకి లేస్తుంది. అప్పుడు నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. కట్టిన జరిమానా కంటే ఏజెంటుకిచ్చిన అడ్వాన్సు ఎన్నో రెట్లు. అదే జరిమానా కట్టలేని మనిషికి పద్ధతి వేరు: జరిమానా ఎగ్గొడితే జైలు వేయవచ్చు. ఒకే తప్పుకు జేబులో డబ్బున్నవాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతాడు, లేనివాడు వ్యాన్ ఎక్కుతాడు.

ఇంతా చెప్పి, దొంగతనం చేసినవాళ్లందరినీ వదిలేయాలని నేను అనను. ఆ మాట అనేవాళ్లను మా రైతు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాలనిపిస్తుంది. యాసంగి వరి పొట్టకొచ్చిన టైములో రాత్రికి రాత్రి ఆయన బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు. లోపలి రాగి కోసం. వాళ్లకు తుక్కు కొట్టులో వచ్చింది రెండువేలు. ఆయనకు కొత్త కేబుల్, మోటారు బయటికి తీసి మళ్లీ దింపే కూలి, పక్క రైతు బోరు నుంచి పైపు వేసుకుని బతిమాలి పెట్టుకున్న నీళ్లు. అయినా చివరి మడులు ఎండిపోయాయి. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ప్రతిసారీ కేసు వాయిదా. ఒకసారి వరండాలో నా పక్కనే కూర్చుని ఇలా అన్నాడు: "జైల్లేస్తే నా వైరొస్తదా మేడం? రాదు. గని ఊకె ఇడిసిపెడ్తే ఇంకోని కంట్లె పడ్తది నా బాయి." ముద్దాయి తరఫు లాయరును అని తెలిసే ఆ మాట నాతో అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదని కాదు, ఆ జవాబు చట్టంలో ఉండి కూడా వాడుకలో లేదు.

నేరం చేసినవాడి నుంచి బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. పాత సీఆర్‌పీసీ 357, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 395. జరిమానా వేస్తే అందులోంచి, వేయకపోతే విడిగా కూడా ఇప్పించవచ్చు. ప్రొబేషన్ మీద, అంటే జైలు వేయకుండా మంచి నడవడికకు బాండ్ రాయించుకుని వదిలినా సరే, ప్రొబేషన్ చట్టం ఐదో సెక్షన్ కింద నష్టం కట్టించవచ్చు. ఇవి చిన్న దొంగతనాల కేసుల్లో వాడగా నేను చూసింది అరుదు. జరిమానా అంతా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, రైతు బస్ చార్జీలు కూడా తనే పెట్టుకుని ఇంటికి పోతాడు. గట్టి శిక్ష కావాలని ఊళ్లో జనం అరిచేది క్రూరత్వంతో కాదు. తమకు కోర్టు నుంచి ఇంకేమీ రాదని వాళ్లకు తెలుసు కాబట్టి.

ఇంకొకటి. ఆ రాగిని కొన్న తుక్కు వ్యాపారి ఏమయ్యాడు? కాల్చి ఒలిచిన రాగి తీగ అర్ధరాత్రి బస్తాలో వస్తే అది ఎక్కడిదో కొనేవాడికి తెలియదా? దొంగసొమ్ము అని తెలిసి కొనడం కూడా మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరమే, పాత ఐపీసీ 411, ఇప్పుడు బీఎన్‌ఎస్ 317(2). అయినా చాలా చార్జిషీట్లలో కొన్నవాడు ముద్దాయిల వరసలో ఉండడు, సాక్షుల వరసలో ఉంటాడు. "ఇతడే నాకు అమ్మాడు" అని వచ్చి చెప్పి పోతాడు. నన్ను ఎవరైనా కఠినంగా ఉండాల్సింది ఎక్కడ అని అడిగితే ఇక్కడ అంటాను. కొనేవాడు భయపడిన ఊళ్లో కేబుళ్లు పోవు. కోసేవాణ్ని ఒకణ్ని లోపలేస్తే ఆ కొట్టుకు ఇంకొకడు బస్తా మోసుకొస్తాడు.

కొత్త చట్టంలో నాకు నిజంగా ఆశ కలిగించింది సమాజ సేవ. బీఎన్‌ఎస్ సెక్షన్ 4లో మరణశిక్ష, యావజ్జీవం, జైలు, జరిమానాల పక్కన దీన్ని కూడా ఒక శిక్షగా చేర్చారు. ఆరు రకాల నేరాలకే ఇది వర్తిస్తుంది. వాటిలో మా కోర్టుకు పనికొచ్చేవి రెండు. తాగి బహిరంగంగా గొడవ చేయడం ఒకటి. ఐదువేల లోపు విలువైన దొంగతనం, మొదటిసారి శిక్ష, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేయడం, ఈ మూడూ కలిసిన కేసు రెండోది. ఐదువేలు! మా వైపు ఒక మేక ధర ఎంతో తెలిసినవాళ్లెవరైనా చెప్తారు, మేకల దొంగకు ఈ అవకాశం ఎప్పటికీ రాదని.

ఫోన్ కేసులో మొత్తం కథ ఈ ఐదువేల దగ్గరే ఆగింది. ఫిర్యాదులో యజమాని కొన్నప్పటి ధర చెప్పాడు, 14 వేలు. పంచనామాలో అదే ఎక్కింది, చార్జిషీటులోనూ అదే. మూడేళ్లు వాడి, గ్లాసు పగిలి, బ్యాటరీ ఉబ్బిన ఫోన్ అది. దాని విలువ ఏ రోజు లెక్కన కట్టాలో సెక్షన్ చెప్పదు. దొంగతనం జరిగిన రోజు ధరే విలువ అవుతుందని నేను వాదించాను, అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ధర చూపించాను. జడ్జి గారు యజమానినే పిలిపించి అడిగారు. ఆయన, పాపం, నిజాయితీగా, "ఇప్పుడు మూడువేలు కూడా రాదు సార్" అన్నాడు. దాంతో పిల్లగాడికి ప్రభుత్వ ఆసుపత్రిలో పది రోజుల సేవ వేశారు. చట్టం లెక్కలో వాడి శిక్ష ఆ పది రోజులే. ముందు గడిపిన నెల జైలుకు ఏ లెక్కా లేదు. అరెస్టు రోజున ఎస్సై చేతిలో ఉన్న కాగితం మీద 14 వేలు బదులు మూడువేలు అని ఉంటే, రిమాండ్ అడిగేవారా అని నాకు ఇప్పటికీ సందేహమే.

ఆ పది రోజులు ఎలా గడిచాయో చూడాలని ఆసుపత్రికి వెళ్లాను. ఏ పని చేయించాలో ఎవరికీ రాతపూర్వకంగా చెప్పలేదు. ఎన్ని గంటలు చేయించాలో బీఎన్‌ఎస్‌లోనూ లేదు. హెడ్ నర్స్ చీపురు ఇచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి కాంట్రాక్టు కింద పనిచేస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె నాతో, "మేం దినాం చేసే పని మీ కోర్టుకు శిక్షనా అమ్మా?" అని అడిగింది. ఆమెకు కోపం లేదు, నొచ్చుకుంది. ఆమె అన్నదానిలో న్యాయముంది. ఊడ్చడం శిక్ష అని మనం ఆర్డర్ రాస్తే, ఊడ్చి బతికేవాళ్ల గురించి ఏం చెప్తున్నట్టు? మూడో రోజు నుంచి నేను అడిగిన మీదట వాడిని వార్డుల్లో భోజనాలు వడ్డించడానికి పెట్టారు. వాడికి వచ్చిన పని అది. మంచం దిగలేని ముసలాయనకు అన్నం కలిపి పెట్టడం చూశాను. ఆయన వాడిని కొడుకా అని పిలుస్తున్నాడు.

తాగి బండి నడిపినవాళ్ల చేత విశాఖలో ఆర్కే బీచ్ శుభ్రం చేయించారు. మన దగ్గర ఆసుపత్రుల్లో పని చేయించారు, కూడళ్లలో ప్లకార్డులు పట్టించారు. పేపర్లలో ఫోటోలు వచ్చాయి. నేను పట్టుబట్టేది ఇక్కడే: ఆ ఫోటోలు తీయకూడదు. ఆసుపత్రిలో మా పిల్లగాడు చీపురు పట్టుకున్న ఫోటో ఒకటి సాయంత్రానికి పట్టణం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, "దొంగకు తగిన శాస్తి" అని. పది రోజుల శిక్షకు గడువు ఉంది. ఆ ఫోటోకు గడువు లేదు. కోర్టు ఆర్డర్లో లేని శిక్షను ఫోన్ ఉన్న ప్రతివాడూ వేయకూడదు.

తాగి నడిపినవాళ్ల విషయంలో మాత్రం నేను చుట్టాల పక్షమే. మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉంది. హైదరాబాద్‌లో కొద్దిరోజులైనా జైలుకు పంపడం, గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నాయి. అది సబబే. ఫోన్ పోతే ఇంకో ఫోన్ కొనుక్కుంటారు. రోడ్డు మీద పోయిన ప్రాణాన్ని ఎవరు తెస్తారు?

ప్రొబేషన్ గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. నేరస్థుల ప్రొబేషన్ చట్టం వచ్చింది 1958లో. మొదటి తప్పు చేసినవాణ్ని మందలించి వదలవచ్చు, మంచి నడవడికకు బాండ్ రాయించుకుని ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టుకుని ఉండేలా పంపవచ్చు. యావజ్జీవం పడే నేరం కాకపోతే 21 ఏళ్ల లోపువాళ్లకు జైలు వేయకూడదు, వేస్తే కారణం రాయాలి, ముందు ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు చూడాలి. పన్నెండో సెక్షన్ ఇంకా మంచిది: ఇలా వదిలినవాళ్లకు ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు ఉండవు. 1964లో రతన్‌లాల్ కేసులో పదహారేళ్ల కుర్రాడికి ఈ చట్టాన్ని అప్పీలు దశలో కూడా వర్తింపజేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు. 1977లో గియాసుద్దీన్ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. శిక్ష మనిషిని బాగుచేయాలని కృష్ణయ్యర్ అందులో పేజీల కొద్దీ రాశారు.

ఇంత ఉండీ మా కోర్టులో ప్రొబేషన్ రిపోర్టు తెప్పించడం అంటే గగనం. ఆఫీసరు జిల్లా కేంద్రంలో ఉంటారు, బాలల కేసులతోనే ఊపిరాడదు. రిపోర్టు కోసం వాయిదా వేస్తే ముద్దాయి ఇంకో నాలుగు వాయిదాలు తిరగాలి. అన్నిసార్లు కూలి పోగొట్టుకోలేక వాడే "ఒప్పుకుంట మేడం, అయిపోగొట్టుండ్రి" అంటాడు. దయ చూపడానికి మనిషి కావాలి, జీపు కావాలి, జీతం కావాలి. జైలుకు పంపడానికి ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి.

ఈ వేసవి సెలవుల లోపు మా బార్ అసోసియేషన్ తరఫున జిల్లా జడ్జి గారికి ఒక అర్జీ ఇస్తున్నాం. డ్రాఫ్టు నేనే రాశాను. సమాజ సేవ ఆర్డర్లో పని ఏమిటి, రోజుకు ఎన్ని గంటలు, హాజరు ఎవరు వేయాలి, ఫోటోలు తీయరాదు అన్నవి రాసి ఉండాలని, ముద్దాయి చేతి పనిని బట్టి పని ఇవ్వాలని అడిగాం. మేస్త్రీ అయితే హాస్టల్ గోడ కడతాడు, ఎలక్ట్రీషియన్ అయితే బడిలో ఫ్యాన్లు బాగుచేస్తాడు. మా కోర్టుకు నెలలో రెండు రోజులైనా ప్రొబేషన్ ఆఫీసరు వచ్చి కూర్చోవాలని అడిగాం. దొంగతనం కేసులో నేరం ఒప్పుకునే ముద్దాయికి, రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది జైలన్న సంగతి తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలని అడిగాం. రైతు అడగకపోయినా ప్రతి కేసులో పరిహారం సంగతి మేజిస్ట్రేటు పరిశీలించాలని కూడా చేర్చాం. దొంగసొమ్ము కొనే తుక్కు వ్యాపారుల సంగతి కూడా అర్జీలో రాశాను. సంతకాలు పెట్టే సీనియర్లలో ఒకరిద్దరు ఆ ప్రస్తావన తీసేయమంటున్నారు. దాన్ని మాత్రం నేను తీయను.